పాత డీజిల్ కారులో అరిగిన ఇంజన్ భాగాలు మార్చడం: పరీక్ష నుంచి మొదటి స్టార్ట్ వరకు

లక్షన్నర కిలోమీటర్లు దాటిన డీజిల్ కారును షెడ్డుకు తీసుకెళ్తే ముందుగా వినిపించే మాట "ఇంజన్ బోరుకు వచ్చింది". పొగ వచ్చినా, పొద్దున్నే సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వచ్చినా, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు లాగకపోయినా అదే తీర్పు: సిలిండర్ల లోపలి గోడలు అరిగాయి, వాటిని చెక్కించాలి (బోరు చేయించడమంటే ఇదే) అని. ఈ లక్షణాల్లో చాలావరకు ఇంజన్‌కు బయటివైపు బిగించి ఉండే భాగాలు అరిగినప్పుడు కూడా కనిపిస్తాయి. చల్లని ఇంజన్ స్టార్ట్ అయ్యేలా సిలిండర్‌ను వేడిచేసే గ్లో ప్లగ్గులు, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల కింది రాగి వాషర్లు, క్రాంక్ షాఫ్టునూ వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టునూ జతగా తిప్పే టైమింగ్ బెల్ట్, ఇంజన్‌ను మోసే రబ్బరు మౌంట్లు, రబ్బరు హోసులు ఆ కోవలోవే. వీటిని ఏ వరుసలో పరీక్షించాలి, ఏ వరుసలో మార్చాలి అన్నదే ఇక్కడి విషయం. వరుస తెలిస్తే ఒకే భాగాన్ని రెండుసార్లు విప్పే పని తప్పుతుంది.

ఇక్కడ చెప్పేది నాలుగు సిలిండర్ల సీఆర్‌డీఐ ఇంజన్లకు (ఒకే పైపులో ఎక్కువ ఒత్తిడితో ఉన్న డీజిల్‌ను అన్ని ఇంజెక్టర్లకూ పంచే ఆధునిక డీజిల్ ఇంజన్లకు) వర్తిస్తుంది. మీ ఇంజన్‌లో టైమింగ్ బెల్ట్ ఉందా, చైన్ ఉందా అన్నది మొదట తెలుసుకోండి. స్విఫ్ట్, లీనియా, ఇండికా విస్టా కార్లలో వచ్చిన 1248 సీసీ ఇంజన్‌కు చైన్ ఉంటుంది. లోగాన్, డస్టర్‌ల 1.5 లీటర్ల ఇంజన్‌కు, పాత ఫిగో 1.4కు, ఇన్నోవా 2.5కు బెల్ట్ ఉంటుంది. బోల్టుల టార్క్ (ఎంత బలంతో బిగించాలన్న) అంకెలు ఇక్కడ ఇవ్వడం లేదు. అవి ఇంజన్‌ను బట్టి మారతాయి కాబట్టి మీ కారు సర్వీస్ మాన్యువల్ నుంచే తీసుకోవాలి.

1. ముందు అరుగుదల ఎక్కడుందో తేల్చండి

ఖర్చు లేని పరీక్షలతో మొదలుపెట్టి, గేజ్ కావాల్సిన పరీక్షల దాకా వెళ్లండి. పొగ, ఇంజెక్టర్ల శబ్దం లాంటివి కారు రాత్రంతా ఆగి ఉన్న తర్వాత, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూస్తేనే ఫలితాలు నమ్మదగ్గవి; ఇంజెక్టర్ల రిటర్న్, కంప్రెషన్ పరీక్షలను మాన్యువల్ చెప్పిన వేడిలో చేయాలి.

పొగ రంగు. స్టార్ట్ చేయగానే తెల్లగా వచ్చి ఒకటి రెండు నిమిషాల్లో పోతే అది కాలని డీజిల్. గ్లో ప్లగ్గులనో, కంప్రెషన్‌నో (సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి) అనుమానించాలి. తెల్ల పొగ ఆగకుండా వస్తూ, కూలెంట్ మట్టం కూడా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (సిలిండర్ల బ్లాకుకూ దాని పైన బిగించే హెడ్‌కూ మధ్య ఉండే ప్యాకింగ్) చూడాలి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది: టర్బో సీళ్లు, వాల్వ్ సీళ్లు, పిస్టన్ రింగులు, ఈ మూడింటిలో ఏదో ఒకటి. నల్ల పొగకు కారణం గాలి తక్కువై డీజిల్ ఎక్కువవడం. ఎయిర్ ఫిల్టర్, టర్బో నుంచి వచ్చే హోసులో చిరుగు, ఈజీఆర్ వాల్వ్‌లో (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది) మసి, ఇంజెక్టర్లు, ఈ వరుసలో చూడండి. నల్ల పొగ చూసి బోరు మాట ఎత్తే మెకానిక్‌ను మరో ప్రశ్న అడగకుండా బండి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఆయిల్ మూత. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూతను విప్పి, రంధ్రం మీద అలాగే బోర్లించండి. కాస్త కదిలితే, సన్నగా ఆవిరి వస్తే పాత డీజిల్‌కు అది మామూలే. మూత ఎగిరి పడుతుంటే, దట్టమైన పొగ ఆగి ఆగి తన్నుతుంటే రింగుల మీద అనుమానం పెట్టుకోవాలి. అయితే ఇంజన్ లోపలి ఆవిర్లను బయటికి వదిలే బ్రీతర్ పైపు మూసుకుపోయినా ఇలాగే జరుగుతుంది. ముందు దాన్ని విప్పి శుభ్రం చేసి మళ్లీ చూడండి.

ఇంజెక్టర్ల చుట్టూ. పైన ఉండే ప్లాస్టిక్ కవర్ తీసి టార్చి వేసి చూడండి. ఏ ఇంజెక్టర్ మొదట్లోనైనా తారులా నల్లగా గట్టిపడిన మసి ఉందా? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అక్కడి నుంచి చుఫ్ చుఫ్ అని శబ్దం వస్తోందా? ఏసీ గాలిలో సైలెన్సర్ వాసన వస్తోందా? ఉంటే రాగి వాషర్ వదిలేసింది. ఇంజెక్టర్ పాడైనట్టు కాదు.

గ్లో ప్లగ్గులు. వైరు ఊడదీసి, మల్టీమీటర్‌తో ప్లగ్గు తలకూ ఇంజన్ బాడీకీ మధ్య ఓమ్‌లు కొలవండి. బాగున్నది సాధారణంగా ఒకటి రెండు ఓమ్‌ల లోపే చూపిస్తుంది. మీటరు ఏమీ చూపకపోతే అది కాలిపోయింది. హైదరాబాద్‌లో ఈ లోపం చాలాకాలం దాక్కుంటుంది. జనవరి తెల్లవారుజామున కూడా ఇక్కడ చలి అంత తీవ్రంగా ఉండదు కాబట్టి నాలుగింటిలో రెండు పోయినా కారు ఎలాగోలా స్టార్ట్ అవుతుంది. సెల్ఫ్ ఎక్కువసేపు తిరగడం చూసి బ్యాటరీ మారుస్తారు, తర్వాత సెల్ఫ్ మోటారు మారుస్తారు, ప్లగ్గుల వైపు ఎవరూ చూడరు.

ఇంజెక్టర్ల రిటర్న్. నాలుగు ఇంజెక్టర్ల పైనుంచి వచ్చే సన్నని రిటర్న్ పైపులను నాలుగు గీతల సీసాల్లోకి మళ్లించి, కొన్ని నిమిషాలు ఐడిల్‌లో నడిపి, నాలుగూ ఎంతెంత నిండాయో పోల్చాలి. ఒకటి మిగతావాటికన్నా బాగా ఎక్కువ నిండితే ఆ ఇంజెక్టర్ లోపల అరిగింది. దాన్ని టెస్ట్ బెంచ్‌కు పంపాలి.

కంప్రెషన్. ఇదే చివరి మాట. గ్లో ప్లగ్గు రంధ్రంలో అడాప్టర్ బిగించి, ఇంజెక్టర్ల వైర్లు ఊడదీసి, సెల్ఫ్ కొట్టి కొలుస్తారు. పెట్రోల్ కార్లకు వాడే గేజ్ దీనికి పనికిరాదు. అది సాధారణంగా 20 బార్ల దగ్గరే ఆగిపోతుంది, ఆరోగ్యంగా ఉన్న సీఆర్‌డీఐ సిలిండర్ 25 బార్లు దాటి చూపించగలదు. డీజిల్ గేజ్ ఉన్న షెడ్డు వెతుక్కోండి. మొత్తం అంకెకన్నా నాలుగు సిలిండర్ల మధ్య తేడా ఎక్కువ చెబుతుంది. మూడు దగ్గర దగ్గరగా ఉండి ఒకటి బాగా పడిపోతే ఆ సిలిండర్లో వాల్వో రింగో గాస్కెట్టో పోయింది. నాలుగూ సమానంగా, మాన్యువల్ చెప్పిన కనిష్ఠానికి పైన ఉంటే బోరు మాట అక్కడితో ముగిసింది.

నాలుగు అంకెలనూ కాగితం మీద రాయించుకోండి. "అన్నా, ఏ సిలిండర్‌కు ఎంత వచ్చింది?" అని అడిగితే నొచ్చుకునే మెకానిక్ దగ్గర ఇంజన్ విప్పించకపోవడమే మేలు.

2. పని ఎవరిది?

- మీరే చేయగలిగినవి: ఫిల్టర్లు, హోసులు, బయటి బెల్ట్ (ఆల్టర్నేటర్ లాంటివాటిని తిప్పేది), ఈజీఆర్ శుభ్రం చేయడం, గ్లో ప్లగ్గుల పరీక్ష.
- అనుభవం, టార్క్ రెంచ్ రెండూ ఉంటేనే: గ్లో ప్లగ్గులు విప్పడం, రాగి వాషర్లు, మౌంట్లు, టైమింగ్ బెల్ట్.
- షెడ్డుకే వదలాల్సినవి: టైమింగ్ చైన్, హెడ్ గాస్కెట్, టర్బో, ఇంజెక్టర్ లోపలి పని, బోరు.

రెండో కోవలోని పనిని షెడ్డులో చేయించినా కింది దశలు చదివి వెళ్లండి. పక్కన నిలబడి చూసేవాడికి ఏ దశలో ఏమి అడగాలో తెలిసి ఉండాలి.

3. విడిభాగాలు: ఒక్కటిగా కాక కుటుంబంగా కొనండి

అరిగిన భాగం ఒంటరిగా అరగదు. బెల్ట్ వయసే దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్‌ది, దారి చూపే ఐడ్లర్ చక్రానిది, వాటర్ పంపుది కూడా. బెల్ట్ ఒక్కటే మార్చి పాత టెన్షనర్ బేరింగ్‌ను వదిలేస్తే, ఆ బేరింగ్ పట్టేసిన రోజు కొత్త బెల్ట్ కూడా తెగుతుంది.

కొనాల్సిన జాబితా:

- టైమింగ్ బెల్ట్, టెన్షనర్, ఐడ్లర్ ఉన్న కిట్టు
- బెల్ట్‌తో తిరిగేదైతే వాటర్ పంపు, దాని గాస్కెట్
- క్రాంక్, క్యామ్ ముందువైపు ఆయిల్ సీళ్లు
- బయటి బెల్ట్
- ఇంజెక్టర్ రాగి వాషర్లు నాలుగు, రిటర్న్ పైపుల క్లిప్పులు, క్లాంప్ బోల్టులు
- పాడైనట్టు తేలిన గ్లో ప్లగ్గులు. మూడు పోతే నాలుగూ తీసుకోండి
- మీ కారు బెల్ట్ వైపు మౌంట్
- మాన్యువల్ ఒకసారే వాడమన్న ప్రతి బోల్టు
- ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో వీటిలో చాలామటుకు దొరుకుతాయి. ఆటోనగర్ వైపు పాత భాగాలు కూడా దొరుకుతాయి. పాత తలుపు, పాత బంపర్ కొనండి, తప్పులేదు. పాత టెన్షనర్, పాత ఆయిల్ సీలు, పాత వాషర్ ఎంత చవకగా ఇచ్చినా వద్దు. ఆదివారం రాణీగంజ్‌లో చాలా దుకాణాలు తెరవరు. శనివారం రాత్రి ఇంజన్ విప్పి ఆదివారం సీలు కోసం బయల్దేరితే బండి సోమవారం దాకా జాకీ మీదే ఉంటుంది. అన్నీ చేతికి వచ్చాకే విప్పండి.

దుకాణంలో కారు పేరు, సంవత్సరం చెబితే చాలదు. ఒకే పేరుతో, ఒకే ఏడాదిలో రెండు రకాల ఇంజన్లు వచ్చిన కార్లున్నాయి. ఆర్సీ నకలు తీసుకెళ్లి 17 అక్షరాల ఛాసిస్ నంబరుతో పార్ట్ నంబరు తేల్చుకోండి. పెట్టె మీది నంబరూ లోపలి భాగం మీది నంబరూ ఒకటేనా చూడండి. పాత బెల్ట్ తీశాక, కొత్తది ఎక్కించే ముందు రెండింటి పళ్ల సంఖ్యనూ వెడల్పునూ సరిచూడండి. జీఎస్టీ బిల్లు అడగండి. బిల్లు ఇవ్వడానికి వెనకాడే చోట సీలు కూడా కొనకండి.

4. చోటు, పనిముట్లు, జాగ్రత్తలు

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేయాలనుకునేవారికి రెండు చిక్కులు. నేల వాలుగా ఉంటుంది, గాలి ఆడదు. వాలు మీద జాకీ ఎత్తకండి. ఇంజన్ నడపాల్సిన పరీక్షలన్నీ బయటికి తెచ్చి చేయండి. అసోసియేషన్ వారితో ముందే మాట్లాడుకుంటే బోల్టు సగం విప్పాక పంచాయితీ ఉండదు.

- టార్క్ రెంచ్ రెండు రకాలు: చిన్న బోల్టులకు ఒకటి, పెద్దవాటికి ఒకటి
- సాకెట్లు, రాట్చెట్, పొడవాటి బార్
- జాకీ, రెండు స్టాండ్లు, చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మెలు
- మీ ఇంజన్‌కు సరిపోయే టైమింగ్ లాకింగ్ పిన్నులు (క్రాంక్, క్యామ్ కదలకుండా పట్టి ఉంచేవి)
- తుప్పు విడదీసే స్ప్రే
- మూతలున్న డబ్బాలు, మార్కర్, ఫోను

జాకీ మీద మాత్రమే నిలిచిన కారు కిందికి తల పెట్టకూడదు, స్టాండ్లు తప్పనిసరి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీసి పక్కకు కట్టేయండి.

ఇంకొకటి. పాత మెకానికల్ పంపు ఇంజన్లలో సరిగా పనిచేయని (మిస్సింగ్) సిలిండర్‌ను కనిపెట్టడానికి, ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసేవారు. ఆ అలవాటు ఇప్పటికీ కొన్ని షెడ్లలో ఉంది. సీఆర్‌డీఐలో అది ప్రాణాంతకం. ఈ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్ల పైకి వెళ్తుంది. సన్నని చీలిక నుంచి చిమ్మిన డీజిల్ చర్మం లోపలికి దూసుకుపోతుంది. గాయం బయటికి సూదిపోటంత కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఇంజన్ ఆపాక కూడా ఒత్తిడి దిగేదాకా ఆగి, ఆ తర్వాతే ఆ నట్లు ముట్టుకోండి. కారుతున్న చోటు వెతకడానికి వేలు వాడకండి, అట్టముక్క వాడండి.

5. పని వరుస

ఇదీ వరుస: గ్లో ప్లగ్గులు తీయడం, ఇంజన్ చల్లారాక కూలెంట్ దించడం, బెల్ట్ పని, ఇంజెక్టర్ వాషర్లు, గ్లో ప్లగ్గులు బిగించడం, హోసులు, చివర్లో ఆయిల్.

ప్లగ్గులు ముందు తీయడానికి కారణముంది. ప్లగ్గులు లేకపోతే కంప్రెషన్ ఉండదు, క్రాంక్‌ను చేత్తో తేలికగా తిప్పవచ్చు. టైమింగ్ గుర్తులు కలపడం సులువవుతుంది, ఎక్కడైనా అడ్డం తగిలితే చేతికి తెలుస్తుంది. ఇంజన్ అడ్డంగా ఉండే కార్లలో బెల్ట్ తీయాలంటే ఆ వైపు మౌంట్ ఎలాగూ విప్పాలి. మౌంట్ మార్పు అందులోనే అయిపోతుంది, విడిగా మజూరీ ఇవ్వాల్సిన పని లేదు.

6. గ్లో ప్లగ్గులు

సన్నగా ఉంటాయి, హెడ్‌లో పట్టేసి ఉంటాయి, తొందరపడితే లోపలే విరుగుతాయి. విరిగితే హెడ్ దించాల్సి రావచ్చు.

1. ముందు రోజు రాత్రి ప్రతి ప్లగ్గు మొదట్లో తుప్పు స్ప్రే కొట్టి వదిలేయండి.
2. మరునాడు ఇంజన్‌ను వేడెక్కనిచ్చి ఆపండి. వేడి హెడ్‌లో ప్లగ్గు తేలికగా వదులుతుంది.
3. చుట్టూ ఉన్న దుమ్ము ఊదేయండి.
4. పొట్టి పిడితో కొద్దిగా వదులు చేసి, కొద్దిగా బిగించి, మళ్లీ వదులు చేయండి. ఒక్కసారిగా తిప్పేయకండి.
5. కదలకపోతే ఆపండి. మీటరులో బాగున్న ప్లగ్గు రాకపోతే దాన్ని అలాగే వదిలేయండి. పాడైనది రాకపోతే షెడ్డుకు వెళ్లండి.
6. కొత్తది చేత్తో మరలు పట్టించి, టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పినంతే బిగించండి. ఆ అంకె మీరు అనుకునేదానికన్నా చిన్నగా ఉంటుంది.

కొత్త ప్లగ్గు పనిచేస్తుందో లేదో బ్యాటరీకి నేరుగా తగిలించి చూసే అలవాటు మానుకోండి. 12 వోల్టులకన్నా తక్కువకు తయారైన ప్లగ్గులు చాలా కార్లలో ఉంటాయి, అలా చేస్తే క్షణాల్లో కాలిపోతాయి.

7. టైమింగ్ బెల్ట్ కిట్టు

బెల్ట్‌కు కిలోమీటర్ల గడువుతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది. తక్కువ తిరిగే కారు యజమానులు మరిచిపోయేది ఇదే. రబ్బరు ఆగి ఉన్నప్పుడు కూడా ముసలిదవుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారుకు బెల్ట్ మార్చిన బిల్లు చేతిలో లేకపోతే మార్చలేదనే లెక్క. బెల్ట్ తెగినా పళ్లు జారినా పిస్టన్లు వాల్వులను గుద్దుతాయి, అప్పుడు హెడ్ పని తప్పదు.

1. బెల్ట్ వైపు ముందు చక్రం తీసి, లోపలి ప్లాస్టిక్ షీటు విప్పండి.
2. బయటి బెల్ట్ ఏ పుల్లీ మీదుగా ఎటు వెళ్తోందో ఫోటో తీసి, తర్వాత తీయండి.
3. ఆయిల్ సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద చెక్క దిమ్మె పెట్టి జాకీతో ఇంజన్ బరువును ఆపండి. చెక్క లేకుండా జాకీ తల నేరుగా తగిలితే సంప్ సొట్టపడుతుంది. ఆ తర్వాతే మౌంట్ విప్పండి.
4. క్రాంక్ పుల్లీ బోల్టు వదులు చేయండి. ఈ బోల్టు చాలా బిగుతుగా ఉంటుంది. ఫ్లైవీల్‌ను గానీ పుల్లీని గానీ తగిన పనిముట్టుతో పట్టి ఉంచాలి. టైమింగ్ పిన్ను మీద ఆ బలం పడనివ్వకూడదు, అది వంగిపోతుంది. రెంచ్‌ను ఛాసిస్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టే చిట్కా ఎవరు చెప్పినా వినకండి.
5. బెల్ట్ కవర్లు తీయండి. క్రాంక్‌ను ఇంజన్ తిరిగే దిశలోనే తిప్పి క్రాంక్, క్యామ్ గుర్తులు కలపండి, పిన్నులు పెట్టండి. డీజిల్ పంపు పుల్లీకి కూడా గుర్తు ఉందని మాన్యువల్ చెబితే అదీ కలపండి. ఫోటో తీయండి.
6. టెన్షనర్ వదులు చేసి బెల్ట్ తీయండి. ఇక్కడి నుంచి కొత్త బెల్ట్ ఎక్కేదాకా క్రాంక్‌ను గానీ క్యామ్‌ను గానీ తిప్పకూడదు.
7. పాత బెల్ట్‌ను పరిశీలించండి. ఒక అంచు అరిగితే ఏదో పుల్లీ వాలింది. ఆయిల్ అంటి ఉంటే సీలు కారుతోంది, దాని సంగతి తేల్చకుండా కొత్త బెల్ట్ వేయకండి.
8. సీళ్లు మార్చండి. పాతదాన్ని పెకలించేటప్పుడు షాఫ్టు మీద గీత పడకూడదు, గీత పడితే కొత్త సీలు కూడా కారుతుంది.
9. వాటర్ పంపు మార్చండి. గాస్కెట్ కూర్చునే చోట పాత ప్యాకింగ్‌ను ప్లాస్టిక్ గీకుడుతో తీయండి.
10. కొత్త టెన్షనర్, ఐడ్లర్ బిగించండి. కొత్త బెల్ట్ మీద బాణం ఉంటే తిరిగే దిశకు పెట్టండి. క్రాంక్ దగ్గర మొదలుపెట్టి, లాగే వైపు బిగుతుగా ఉంచుతూ, వదులంతా టెన్షనర్ వైపు వచ్చేలా ఎక్కించండి. బెల్ట్‌ను మడవకండి, మెలితిప్పకండి, స్క్రూడ్రైవర్‌తో పెకలించి ఎక్కించకండి.
11. టెన్షనర్ ముల్లును మాన్యువల్ చెప్పిన గుర్తుకు తెచ్చి బిగించండి.
12. పిన్నులన్నీ తీసేసి, క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. గుర్తులు మళ్లీ కలవాలి, పిన్నులు మళ్లీ సులువుగా దిగాలి, టెన్షనర్ ముల్లు అక్కడే ఉండాలి.

పన్నెండో దశను ఎవరూ దాటవేయకూడదు. షెడ్డులో చేయిస్తుంటే ఆ రెండు చుట్లూ మీ కళ్ల ముందు తిప్పించండి. మధ్యలో గట్టిగా అడ్డం తగిలితే బలం పెట్టకండి, అది వాల్వుకు తగిలిన పిస్టన్ కావచ్చు. వెనక్కి వచ్చి ఐదో దశ నుంచి మొదలుపెట్టండి. ఒక పన్ను తేడా ఉన్నా "నడుస్తుందిలే" అనే మాటకు ఒప్పుకోవద్దు.

పాత బెల్ట్ మీద వైట్‌నర్‌తో గీతలు గీసి, కొత్త బెల్ట్ మీద అవే చోట్ల గీసి, గుర్తులు కలపకుండానే ఎక్కించే పద్ధతి ఒకటుంది. పాత బెల్ట్ ఇప్పటికే ఒక పన్ను జారి ఉంటే ఆ తప్పును జాగ్రత్తగా కొత్తదానికి మోసినట్టే.

చైన్ ఉన్న ఇంజన్లకు గడువు వేరేలా ఉంటుంది. పొద్దున స్టార్ట్ చేయగానే చైన్ వైపు నుంచి గలగలమని శబ్దం వచ్చి, ఆయిల్ ఒత్తిడి పెరిగాక తగ్గితే చైన్ సాగిందనో టెన్షనర్ బలహీనపడిందనో అర్థం. ఆయిల్ తక్కువైనా, మార్పు ఆలస్యమైనా చైన్ త్వరగా సాగుతుంది. చైన్, టెన్షనర్, గైడ్లు, గేర్లు కలిపి కిట్టుగా మార్పించండి.

8. ఇంజెక్టర్ రాగి వాషర్లు

1. ప్రతి ఇంజెక్టర్ మీద 1 నుంచి 4 దాకా నంబరు రాయండి. ఇంజెక్టర్ల మీద ముద్రించిన కోడ్ కారు కంప్యూటర్‌లో సిలిండర్ వారీగా నమోదై ఉంటుంది. ఒకదాని స్థానంలో మరొకటి పెడితే ఇంజన్ కుదురుగా నడవదు.
2. పైపుల చివర్లు విప్పగానే శుభ్రమైన మూతలు పెట్టండి. లోపలికి వెళ్లే ఇసుక రేణువు ఇంజెక్టర్‌ను తినేస్తుంది.
3. క్లాంప్ విప్పి ఇంజెక్టర్‌ను నిటారుగా పైకి లాగండి. రాకపోతే స్లైడ్ హ్యామర్ కావాలి. పక్కలకు ఊపితే విరుగుతుంది.
4. పాత వాషర్ రంధ్రం అడుగునే ఉండిపోవచ్చు. టార్చి వేసి చూసి, కొక్కెంతో తీయండి.
5. వాషర్ కూర్చునే చోటును శుభ్రం చేయడమే అసలు పని. సిలిండర్లోకి దారి ఉన్న సన్నని రంధ్రాన్ని గ్రీసు రాసిన గుడ్డతో మూసి, సీట్ కట్టర్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పండి. లోహం మెరిసి, చుట్టూ ఒకే రంగులో కనిపించాలి. తర్వాత గుడ్డ తీయడం మరిచిపోకండి.
6. కొత్త వాషర్ ఒక్కటే, సరైన మందంలో వేయండి. లీకు ఆగలేదని రెండు వాషర్లు పేరిస్తే నాజిల్ మొన పైకి లేచి డీజిల్ తప్పు చోట పడుతుంది.
7. కొత్త క్లాంప్ బోల్టును మాన్యువల్ చెప్పిన టార్క్‌కు, తర్వాత డిగ్రీలు చెబితే అన్ని డిగ్రీలకూ బిగించండి.

9. మౌంట్లు, హోసులు

కొత్త మౌంట్ బోల్టులను ముందు వదులుగా పెట్టి, జాకీ దించి ఇంజన్‌ను తన చోట కుదురుకోనిచ్చి, అప్పుడు బిగించండి. హోసులను నొక్కి చూడండి. గట్టిగా పెళుసుగా ఉన్నవీ, మెత్తగా ఉబ్బినవీ రెండూ మార్చాల్సినవే.

10. మొదటి స్టార్ట్

- ఆయిల్, ఫిల్టర్ మార్చి, డిప్‌స్టిక్‌తో మట్టం చూశారా?
- కూలెంట్ గాఢమైనదైతే డిస్టిల్డ్ వాటర్‌తో డబ్బా మీది కొలతలో కలిపారా? బోరుబావి నీళ్లు వద్దు. నగరంలో చాలాచోట్ల అవి కఠినజలాలు, రేడియేటర్‌లో తెల్లటి పెచ్చు కడతాయి.
- డబ్బాలో మిగిలిన బోల్టులేమైనా ఉన్నాయా?
- ప్రతి కనెక్టర్ టిక్కుమని కూర్చుందా?

డీజిల్ పంపుకు డీజిలే కందెన. పొడిగా తిప్పితే అరుగుతుంది. హ్యాండ్ ప్రైమర్ ఉంటే గట్టిపడేదాకా నొక్కండి. ట్యాంకులో కరెంటు పంపు ఉంటే తాళంచెవిని ఆన్, ఆఫ్ కొన్నిసార్లు తిప్పండి. సెల్ఫ్‌ను ఒక్కో విడత పది సెకన్లకు మించి కొట్టకండి, విడతకూ విడతకూ మధ్య అర నిమిషం ఆగండి. స్టార్ట్ అయ్యాక కాసేపు వణకడం, పొగ రావడం గాలి పోయేదాకా ఉంటాయి. ఆయిల్ లైటు వెంటనే ఆరకపోతే ఆపేయండి.

హీటర్‌ను పూర్తి వేడికి పెట్టి, గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగలు ఆగేదాకా కూలెంట్ పోయండి. రేడియేటర్ ఫ్యాను తిరిగి ఆగేదాకా ఐడిల్‌లోనే ఉంచి కాపలా కాయండి. వేడి ఇంజన్ మీద కూలెంట్ మూత తీయొద్దు. మరునాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్లీ చూడండి, కాస్త తగ్గి ఉంటుంది, నింపండి. మొదటి రోజు ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) ఎక్కకుండా ఇంటి చుట్టుపక్కలే తిప్పండి.

11. పని అయ్యాక వచ్చే ఇబ్బందులు, సవరణలు

బెల్ట్ వైపు నుంచి ఈల లాంటి శబ్దం: బెల్ట్ ఎక్కువ బిగిసింది. నడపకుండా టెన్షనర్ మళ్లీ సర్దండి.

స్టార్ట్ అయి ఆగిపోతోంది: డీజిల్ పైపులోకి గాలి వెళ్తోంది. ఫిల్టర్ రబ్బరు రింగు, రిటర్న్ క్లిప్పులు చూడండి.

ఒక సిలిండర్ పనిచేయట్లేదు: ఇంజెక్టర్ కనెక్టర్, తర్వాత ఇంజెక్టర్ల క్రమం చూడండి.

చుఫ్ శబ్దం తిరిగొచ్చింది: సీటు శుభ్రం కాలేదు. ఇంకాస్త బిగించడంతో ఆగదు. మళ్లీ విప్పి, కొత్త వాషర్ వేయాలి.

వేడి ముల్లు పైకి వెళ్తోంది, హీటర్ మాత్రం చల్లగాలి ఇస్తోంది: లోపల గాలి ఇరుక్కుంది. ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారాక గాలి తీయండి.

పొద్దున తెల్ల పొగ తగ్గలేదు, ప్లగ్గులు కొత్తవి: వాటికి కరెంటు ఇచ్చే రిలే, ఫ్యూజు చూడండి.

12. నిజంగానే బోరు అవసరమైతే

కంప్రెషన్ అంకెలే ఆ మాట చెబితే వాదన లేదు. అప్పుడు కూడా రింగులు మాత్రమే మార్చి సరిపెడతామనే మాటకు తలూపే ముందు బోరు కొలతలు అడగండి. బోరు పైన, మధ్యలో, అడుగున, రెండు దిశల్లో కొలవాలి. గోడ కోడిగుడ్డు ఆకారంలోకి వెళ్లి ఉంటే కొత్త రింగులు నిలవవు. బాలానగర్ వైపు లేత్ షాపుల్లో పని చేయిస్తే, పిస్టన్లు ముందు కొని వాటి కొలతకు బోరు చేయించండి. బోరు చేశాక పిస్టన్లు వెతకడం తలకిందుల వ్యవహారం. హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగును చెక్కి చదును చేయడం) చేయమనే ముందు మీ ఇంజన్‌కు అది అనుమతించారో లేదో మాన్యువల్‌లో చూడండి. హెడ్ గాస్కెట్లు వేర్వేరు మందాల్లో వస్తాయి. ఏ మందమో గాస్కెట్ అంచు మీది గంట్లో రంధ్రాలో చెబుతాయి, పాతదాన్ని పారేయకుండా దాచండి.

బోరు బదులు "పాత ఇంజన్ మొత్తం మార్చేద్దాం" అనేవారూ ఉంటారు. ఇంజన్ నంబరు బ్లాకు మీద ఉంటుంది, అదే నంబరు ఆర్సీలో ఉంటుంది. లోపలి భాగాలు ఎన్ని మార్చినా ఆర్సీతో పని లేదు. బ్లాకు మారితే మాత్రం 1988 మోటారు వాహనాల చట్టం కింద ఆర్టీఏ కార్యాలయంలో మార్పు నమోదు చేయించాలి. కొత్త బ్లాకు ఏ బండిదో చెప్పే బిల్లు, కాగితాలు చేతికి రాకుండా డబ్బు ఇవ్వకండి. 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లకు పొడిగించుకోవడానికి వెళ్లిన రోజు ఆ నంబరును ఆర్సీతో సరిపోల్చి చూస్తారు.